గబ్బిలాలమ్మ చెవి

ఆవిడకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. అది అటవీశాఖ ఆఫీసు వాళ్ళిచ్చిన కార్డు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఊరంతటికీ ఆవిడ గబ్బిలాలమ్మ. మొదట్లో ఎవరైనా అలా పిలిస్తే ముఖం మాడ్చుకునేది. పోనుపోను తనే తలుపు కొట్టి, "గబ్బిలాలమ్మనండీ, తలుపు తీయండి" అనడం మొదలుపెట్టింది. వాళ్ళెలాగూ అనబోయేదే కదా, తనే ముందు అనేస్తే ఎదుటివాడి నోటికి కాస్త పని తగ్గుతుందని.

ఆవిడ పని చెప్పుకోవడానికి సుళువు. ఊళ్ళో ఎవరింటి కప్పులో గబ్బిలాలు చేరినా వాళ్ళు ముందు తిట్టుకుంటారు. తర్వాత పొగ పెడతారు. పొగకు ఇల్లు నల్లబడుతుంది గానీ గబ్బిలం కదలదు. అప్పుడెవరో చెబుతారు, వాటిని చంపితే కేసవుతుందని. ఇక ఆఫీసుకు ఫోను చేస్తారు. ఆఫీసు ఈవిణ్ణి పంపిస్తుంది. భుజాన మడత నిచ్చెన, చేతిసంచిలో టార్చి, సుత్తి, మేకులు, వలగుడ్డ చుట్ట. అంత సరంజామా చూసి ఇంటివాళ్ళు ఈ సాయంత్రంతో పీడ విరగడైపోతుందనుకుంటారు పాపం.

చట్టం చెప్పేది ఒక్కటే. గబ్బిలాన్ని చంపకూడదు, పిల్లలున్న గూటిని కదపకూడదు. పిల్లలు ఎగరడం నేర్చాక అన్నిటినీ బయటికి పంపి కన్నం మూసుకోవచ్చు. వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. అదే మాట ఇంటాయన పక్కన నిలబడి చెప్పి చూడండి, అప్పుడు తెలుస్తుంది. సొంతిల్లు కట్టుకున్న మనిషికి ఆ ఇంటి మీద ఉన్నంత ప్రేమ కన్నబిడ్డల మీద కూడా ఉండదు. బిడ్డ గోడ మీద గీతలు గీస్తే ఎవరిని తిడతారు, గోడనా?

"నా ఇంట్లో నేనుండటానికి వాటి పర్మిషన్ కావాలా?" అని ఒకసారి మందుల షాపాయన ఇంతెత్తున లేచాడు.

"పర్మిషన్ అక్కర్లేదండీ. ఒక్క నెల ఓపిక పట్టండి, చాలు."

"ఆ నెల్నాళ్ళు తీసుకెళ్ళి మీ ఇంట్లో పెట్టుకో."

"నేను రమ్మన్నా రావండీ. మీది చెక్క సీలింగు, వెచ్చగా ఉంటుంది. మాది ఒట్టి స్లాబు. వాటికీ మంచి ఇల్లే కావాలి మరి."

షాపాయనకు నవ్వాలో కొట్టాలో తెలియలేదు. ఆవిడ అలా నాలుగు మాటలు చెప్పి ఎదుటివాళ్ళను మెత్తబరిచి బయటపడేది. మెత్తబడని వాళ్ళు తిట్టేవాళ్ళు. జంతుప్రేమికులమని చెప్పుకునేవాళ్ళు ఇంకో పక్కనుంచి తిట్టేవాళ్ళు, కన్నాలు మూయిస్తోందని. వాళ్ళకు జంతువుల మీద ప్రేమ లేకపోలేదు. తమ ఇంట్లో లేని జంతువుల మీద చాలా ప్రేమ.

పిల్లలు ఎగిరాయని తేలాక ఆవిడ చేసేది, కన్నానికి వలగుడ్డ తెర కట్టడం. పైనా పక్కలా మేకులు కొట్టి, కింద మాత్రం వదులుగా వదిలేస్తుంది. లోపలున్న గబ్బిలం గోడ పట్టుకుని కిందికి పాకి బయటపడుతుంది. తిరిగొచ్చి పాత కన్నం దగ్గరే వాలుతుంది, వల అడ్డం. కింద దారి ఉందని దానికి తట్టదు. ఆఫీసులో దాన్ని 'వన్‌వే' అంటారు. వన్‌వే మంచిదే, కానీ ఒక్క ప్రమాదం ఉంది. లోపల ఎగరలేని పిల్లలు ఉండగా కడితే తల్లులు బయటా పిల్లలు లోపలా అయిపోతాయి. రెండు మూడు రోజుల్లో పాల్లేక ఎండిపోతాయి.

అందుకని పనంతా చెవిలో ఉంది. మసకపడే వేళ తల్లులన్నీ మేతకు వెళ్ళిపోయాక, నిచ్చెనెక్కి, ఊపిరి బిగబట్టి, సీలింగుకు చెవి ఆనించి వినాలి. పిల్లలు మిగిలి ఉంటే కీచుమంటాయి. సూది మొనతో గాజు మీద గీస్తే ఎలా ఉంటుందో అలా, అంత సన్నగా. ఆఫీసులో చేరిన కుర్రాళ్ళకు అది ఎలుకో గబ్బిలమో తెలిసేది కాదు. ఆవిడకు మెట్ల కిందనుంచే తెలిసిపోయేది. "నేను చెవి పెట్టి లేవన్నానంటే లేవు" అని ఆఫీసరు ముందు కూడా ధీమాగా అనేది. ఆఫీసరు వయసులో ఆవిడ కొడుకంత ఉంటాడు. ఆయన కూడా "మా గబ్బిలాలమ్మది బంగారం చెవి" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ మాట విన్న రోజు ఆవిడ నడకే వేరు.

ఇంట్లో ఆయన ఉన్నాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఈ మధ్య ఆయన ఊరికే విసుక్కుంటున్నాడు.

"ఏమోయ్, ఫ్రిజ్జు తలుపు సరిగ్గా వేయలేదు, కుయ్ కుయ్‌మని మొత్తుకుంటోంది."

"ఎక్కడ మొత్తుకుంటోంది? నాకు వినబడలేదే."

"ఇదిగో, ఇప్పుడు కూడా!"

"జీవితమంతా విజిలూదిన చెవులు మీవి. లేని మోతలు వినబడుతున్నాయి. వెళ్ళి చూపించుకోండి."

ఆయన లేచి వెళ్ళి ఫ్రిజ్జు తలుపు నొక్కి వచ్చి కూర్చునేవాడు. ఉద్యోగమంతా టిక్కెట్లు కొట్టి జనంతో వాదించినవాడు, ఇంట్లో వాదించే ఓపిక ఎక్కడినుంచి తెస్తాడు?

*

ఆవిడకు ఒక అక్క. తల్లి పోయినప్పుడు అక్కకు పద్నాలుగు, ఈవిడకు నాలుగు. జడలు వేసిందీ, జ్వరాలకు కాపలా కాసిందీ, బడికి పంపిందీ అక్కే. చెల్లెలి కోసం తను చదువు మానేసింది. ఆ సంగతి అక్క ఎప్పుడూ మరిచిపోలేదు, ఎవరినీ మరిచిపోనివ్వలేదు కూడా. ప్రేమ లేక కాదు. పెట్టిన చెయ్యి అప్పుడప్పుడూ ఇలా తిప్పి చూపించుకోకపోతే కొందరికి తోచదు.

అక్క మొగుడు పోయేముందు రెండంతస్తుల ఇల్లు కట్టి పోయాడు. కింద అక్క, కొడుకు, కోడలు. పైన ఒక్క పెద్ద గది, అద్దెకు. కొడుకు లారీ మీదనుంచి పడి నడుము విరగ్గొట్టుకుని మంచానికి అతుక్కుపోయాడు. కోడలు జిరాక్సు షాపులో పనికెళ్ళొస్తుంది. పైగది అద్దె వస్తేనే ఆ ఇంట్లో మందులూ, తిండీ. ఆ గదిలో చాలాకాలం లెక్కల మాస్టారు ట్యూషన్లు చెప్పాడు. వేసవి ముగిసే వేళకు సామాను సర్దుకున్నాడు.

"నెత్తిమీద ఏదో రాలుతోందమ్మా, పిల్లలు ముక్కులు మూసుకుని ఎక్కాలు చెబుతున్నారు" అన్నాడు పాపం మర్యాదగా.

అక్క చెల్లెలికి కబురు పెట్టింది. ఆవిడ వెళ్ళి గడప దాటకముందే పసిగట్టింది. ముక్కుకు ఘాటుగా, పాత మూత్రం వాసన. పైగది గోడ వారన మిరియాల గింజల్లాంటి రెట్ట. ఒక గింజ తీసి వేళ్ళ మధ్య నలిపితే పొడిపొడై మెరిసింది. పురుగుల రెక్కలు. ఎలుకదైతే అలా మెరవదు.

"ఉన్నాయక్కా. బాగానే ఉన్నాయి. ఇప్పుడిప్పుడే పిల్లలు పెట్టే రోజులు."

"ఉన్నాయని నాకూ తెలుసు. నువ్వు సర్టిఫికెట్ ఇవ్వక్కర్లేదు. తీసెయ్."

"ఇప్పుడు తీయకూడదు."

అక్క చీపురు పక్కన పడేసింది. "ఏమే, మళ్ళీ చెప్పు?"

"పిల్లలు ఎగిరేదాకా ఆగాలక్కా. ఎవరికైనా ఇదే రూలు."

"ఎవరికైనా! నేను ఎవరో అయ్యానన్నమాట. నీ జడలు వేసిన చేతులివి. నీకు మశూచి వచ్చినప్పుడు రాత్రంతా విసనకర్రతో విసిరిన చేతులివి. ఆ రోజు నేనూ రూలు చూసుకుని ఉంటే నువ్వీపాటికి ఫొటోలో ఉండేదానివి."

"నాకొచ్చింది ఆటలమ్మక్కా, మశూచి కాదు."

"ఏదైతేనేం, పొక్కులు పొక్కులే!"

కోడలు వంటింటి గుమ్మం దగ్గర నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెల్లెలు కూడా నవ్వింది. అక్క నవ్వలేదు.

"బ్యూటీ పార్లరు పెట్టుకుంటానని ఒకావిడ అడుగుతోంది," అంది గొంతు తగ్గించి. "అడ్వాన్సు కూడా ఇస్తానంది. గది వచ్చే నెల మొదటికి కావాలట. ఈ కంపులో ముఖాలు తోమించుకోవడానికి ఎవరొస్తారే? ఆవిడ పోతే ఈ గదికి ఇంకెవరూ రారు. ఆ మంచం మీదున్నవాడికి మందులు ఎక్కడినుంచి తేవాలో నువ్వే చెప్పు, నీ గబ్బిలాలనడిగి."

చెల్లెలు తన జీతంలోంచి కొంత ఇస్తానని అంటే అక్క ముఖాన కొడుతుంది. ఆ సాయంత్రం ఇద్దరూ ముక్తసరిగా విడిపోయారు. ఆవిడ బస్సులో ఇంటికెళ్తూ, నెల మొదటికల్లా పిల్లలు ఎగరాలని దేవుణ్ణి మొక్కుకుంది. గబ్బిలం పిల్లలు త్వరగా పెరగాలని మొక్కుకున్న మనిషి లోకంలో ఆవిడొక్కతే అయి ఉంటుంది.

*

ఆ తర్వాత అక్క ఫోను చేయని పొద్దు లేదు. హలో అని కూడా అనేది కాదు. "ఎగిరాయా?" అనేది, అవతల గబ్బిలాల ఆస్పత్రి నడుస్తున్నట్టు. "లేదక్కా" అంటే టక్కున పెట్టేసేది.

నెలాఖరుకు ఆవిడ మళ్ళీ వెళ్ళింది. వెలుగు తగ్గే వేళ వీధిలో కుర్చీ వేసుకుని కప్పు కింది కన్నం కేసి చూస్తూ కూర్చుంది. ఒకటొకటిగా జారుతున్నాయి. ఎండుటాకు రాలినట్టు కిందికి జారి, నేల తాకబోతుందనుకునేలోగా రెక్క విప్పి లేస్తున్నాయి. వాటిలో కొన్ని తడబడుతున్నాయి. చిన్నవి, కొత్తగా ఎగరడం నేర్చినవి. ఆవిడ గుండె కాస్త తేలికపడింది. పిల్లలు బయటికొస్తున్నాయన్నమాట. ఇక లోపల ఏమైనా మిగిలాయేమో చూడాలి.

పైకెళ్ళి నిచ్చెన వేసింది. అక్క, కోడలు కింద నిలబడ్డారు. గదిలో ఫ్యాను ఆపించింది. నిచ్చెన పైమెట్టు మీద నిలబడి చెక్క సీలింగుకు చెవి ఆనించి కళ్ళు మూసుకుంది. ఏమీ లేదు. ఇంకో చోట ఆనించింది. ఏమీ లేదు. వీధిలో మోటార్ సైకిలు వెళ్ళింది. కింద మంచం మీదనుంచి అక్క కొడుకు దగ్గాడు. అవన్నీ స్పష్టంగా వినబడ్డాయి. చెక్క వెనకాల మాత్రం నిశ్శబ్దం.

కోడలు ఒకడుగు ముందుకేసి నోరు తెరిచింది. "చిన్నత్తయ్యా..."

అక్క కోడలి మోచెయ్యి పట్టుకుంది. ఊరికే, మెత్తగా పట్టుకుంది.

"ఏంటమ్మా?" అంది ఆవిడ పైనుంచి.

కోడలు అత్తగారి ముఖం చూసింది. "ఏం లేదు చిన్నత్తయ్యా, జాగ్రత్తగా దిగండి."

ఇలాంటప్పుడు ఆవిడ మామూలుగా మర్నాడు సాయంత్రం మళ్ళీ వచ్చి వినేది. రెండు సార్లు వినకుండా ఎక్కడా తెర కట్టలేదు. అది ఆఫీసు రూలు కాదు, ఆవిడ సొంత పద్ధతి. కానీ మర్నాడు పొద్దున్నే పార్లరావిడ గది చూసుకోవడానికి వస్తుందని అక్క అప్పటికే చెప్పింది. పైగా బంగారం చెవి, అది ఏమీ లేదని చెప్పింది. ఆవిడ చీకటి పడకముందే బయట నిచ్చెన వేసి, వలగుడ్డ కత్తిరించి, మేకులు కొట్టేసింది.

అక్క ఆ రోజు చెల్లెలి చేతిసంచి తనే మోసుకుంటూ బస్టాపు దాకా వచ్చింది. దారంతా ఏవేవో చిన్నప్పటి కబుర్లు చెప్పింది. బస్సెక్కేటప్పుడు చెయ్యి పట్టుకుని, "నువ్వు నా చెల్లెలివే. నేనే నిన్ను తప్పుగా అనుకున్నాను" అంది. కళ్ళలో నీళ్ళు. అంత మాట అక్క నోటినుంచి ఎప్పుడూ వినలేదు. ఆవిడకు ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు.

*

మూడో రోజు మధ్యాహ్నం కోడలు జిరాక్సు షాపునుంచి ఫోను చేసింది.

"చిన్నత్తయ్యా, నేను చేశానని అత్తయ్యకు చెప్పకండి. సాయంత్రాలు గబ్బిలాలు వచ్చి వల మీద పడి కొట్టుకుంటున్నాయి. గుంపులుగా. చూస్తుంటే భయంగా ఉంది."

"అలవాటైన చోటమ్మా, రెండ్రోజులు తిరిగి పోతాయి. మామూలే."

"కాదు చిన్నత్తయ్యా." అవతల జిరాక్సు మిషను ఆగేదాకా ఆగింది. "లోపల కూడా ఏడుస్తున్నాయి."

ఆవిడ సంచి తీసుకుని కట్టుకున్న చీరతోనే పరుగెత్తింది. వెళ్ళేసరికి కోడలు షాపులో చెప్పి వచ్చి గుమ్మంలో కాచుకుని ఉంది. అక్క పైగదిలో నేల కడుగుతోంది. చెల్లెల్ని చూసి చెయ్యి ఆగింది.

ఆవిడ పలకరించకుండా నిచ్చెనెక్కింది. చెవి ఆనించింది. "ఏదీ? ఎక్కడ?"

"ఇప్పుడే, చిన్నత్తయ్యా. అదిగో."

"ఎక్కడే?"

"అదిగో మళ్ళీ. మీ చెవి పక్కనే. మీకు..." కోడలు నిచ్చెన దగ్గరికొచ్చింది. "మీకు వినబడటం లేదా?"

ఆవిడ నిచ్చెన మీదే ఉండిపోయింది. ఆ గదిలో ఉన్న ముగ్గురాడవాళ్ళలో ఇద్దరికి ఏదో వినబడుతూనే ఉంది. మూడో మనిషికి వినబడలేదు.

ఆవిడ సుత్తి వెనక మొనతో చెక్క పెకలించింది. చెక్కతో పాటు రెట్ట, దుమ్ము నెత్తిన పడ్డాయి. టార్చి వేసి చూసింది. వాసం మీద పక్కపక్కనే అతుక్కుని ఉన్నాయి, వెంట్రుక మొలవనివి, బొటనవేలంత. ఆలస్యంగా పుట్టినవి. చాలావరకు ముడుచుకుపోయాయి. వేలితో తాకితే రాలాయి. కదులుతున్నవి కొన్ని నోళ్ళు తెరుస్తున్నాయి. నోళ్ళు తెరవడం ఆవిడకు కనబడుతోంది. చప్పుడు లేదు. సౌండు తీసేసిన టీవీ చూస్తున్నట్టు చూసింది.

బయటికెళ్ళి వల పీకేసింది. మేకు గీరుకుని చెయ్యి తెగింది, చూసుకోలేదు. ఆ సాయంత్రం తల్లులొచ్చి లోపలికి దూరాయి. కొన్ని ఉండిపోయాయి, కొన్ని వెంటనే బయటికొచ్చి కప్పు చుట్టూ తిరిగి తిరిగి ఎటో పోయాయి. చచ్చిన పిల్లల్లో చేతికందినవి ఆవిడ ఏరింది. అందనివి సందుల్లో ఉండిపోయాయి. తెల్లారేసరికి ఇల్లంతా కుళ్ళు వాసన. సామానుతో వచ్చిన పార్లరావిడ మెట్ల సగంలో ఆగి, ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, "ఇక్కడేదో చచ్చిందండీ" అని, అటునుంచి అటే దిగిపోయింది. ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి తీసుకుంది. అక్క కొంగుముడి విప్పి ఇచ్చేసింది.

అక్క తర్వాత వంటింట్లో పీట మీద కూర్చుంది. చెల్లెలు చేతికి గుడ్డ చుట్టుకుని ఎదురుగా నిలబడింది.

"అక్కా, ఆ రోజు నీకు వినబడిందా?"

"వినబడింది."

"మరి చెప్పలేదేం?"

"చెప్పడమేంటే? నువ్వు చెవి పెట్టుకుని నిలబడ్డావు. కింద నిలబడ్డ నాకే వినబడితే నీకు వినబడదా అనుకున్నాను." అక్క పీట మీదనుంచే తలెత్తి చూసింది. "నా కోసం విననట్టు ఊరుకున్నావనుకున్నాను."

చెల్లెలు చేతి గుడ్డ బిగించుకుంది.

"ఇన్నేళ్ళకు ఒక్కసారి నీ రూలు పక్కన పెట్టి అక్క ముఖం చూశావనుకున్నానే. వెర్రిదాన్ని. బస్టాపు దాకా సంచి మోసుకొచ్చాను." అక్క నవ్వింది. ఆ నవ్వు వినడం కంటే తిట్లు తినడం నయం. "అంటే నా కోసం కాదన్నమాట. నీకు వినబడి ఉంటే అప్పుడు కూడా కాదనే దిగిపోయేదానివి. అంతేగా?"

అబద్ధమాడితే ఆ పూట గట్టెక్కేది. 'నీ కోసమే అక్కా' అంటే సరిపోయేది. కానీ ఆవిడకు అబద్ధమాడటం రాదు, పెంచింది అక్కే మరి.

"అంతే అక్కా," అంది.

"అయితే వెళ్ళు."

"అక్కా..."

"వెళ్ళవే. నాకు గది కడుక్కునే పని ఉంది."

కోడలు వీధి చివరదాకా వచ్చి ఏడ్చింది. తప్పు తనదేనంది. "నీదేం తప్పమ్మా, నీకు చెవులున్నాయి" అంది ఆవిడ. ఎగతాళిగా అన్నదో నిజంగా అన్నదో ఆ పిల్లకు అర్థం కాలేదు.

*

చెవి డాక్టరమ్మ దగ్గర అద్దాల గది ఒకటుంటుంది. అందులో కూర్చోబెట్టి, తలకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతిలో మీట పెట్టారు. మోత వినబడగానే నొక్కమన్నారు. మొదట బస్సు హారన్లలాంటివి వచ్చాయి. నొక్కింది. తర్వాత ఈలలాంటిది వచ్చింది. నొక్కింది. ఆ తర్వాత నిశ్శబ్దం. ఆవిడ మీట మీద వేలు పెట్టుకుని బుద్ధిగా కాచుకుని కూర్చుంది. అద్దం అవతల అమ్మాయి ఏవో తిప్పుతోంది, ఈవిడ ముఖం చూస్తోంది, మళ్ళీ తిప్పుతోంది.

అమ్మాయి వచ్చి తలుపు తీసింది.

"మిషను ఆగిపోయిందా అమ్మా?" అని అడిగింది ఆవిడ.

"లేదండీ. అయిపోయింది."

డాక్టరమ్మ మంచిదే. వయసు మీద పడితే సన్నటి మోతలు ముందు పోతాయనీ, మాటలు మామూలుగానే వినబడతాయి కాబట్టి మనిషికి తెలియదనీ, ఇందులో కంగారు పడాల్సింది లేదనీ చెప్పింది. "పిట్టల కూతలు, కాలింగ్ బెల్లు, అలాంటివి తగ్గుతాయి. అంతే" అంది.

అంతేనట.

"ఎప్పటినుంచి పోయి ఉంటాయమ్మా?"

"చెప్పలేమండీ. మెల్లగా జరుగుతుంది. మూడేళ్ళు కావచ్చు, నాలుగేళ్ళు కావచ్చు."

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఆ దారిలో సగం ఇళ్ళు ఆవిడ ఎక్కి దిగినవే. ఆకుపచ్చ గేటున్న ఇల్లు, గడియారాలు బాగుచేసేవాడి మేడ, మందుల షాపాయన చెక్క సీలింగు. అన్నిచోట్లా చెవి పెట్టి లేవంది. అన్నిచోట్లా తెర కట్టింది. ఆ తర్వాత వాసనొస్తోందని ఎవరైనా ఫోను చేశారా? చేశారు, ఒకరిద్దరు. ఎలుక చచ్చి ఉంటుందని తనే సర్ది చెప్పింది. ఆవిడ కిటికీనుంచి ముఖం తిప్పేసుకుంది. అటు పక్కన కూడా ఇళ్ళే ఉన్నాయి.

ఇంటికెళ్ళి ఆయనకు చెప్పింది. "ఫ్రిజ్జు సంగతి నేను ఉత్తినే అనలేదే" అన్నాడు ఆయన. గెలిచినట్టు అనలేదు, పాపం. ఏమనాలో తెలియక అన్నాడు.

మర్నాడు ఆఫీసరుకు కూడా చెప్పింది. ఈ పనికి తను పనికిరాననీ, వేరేవాళ్ళను పెట్టుకోమనీ అడిగింది. ఆఫీసరు తల గోక్కున్నాడు.

"ఎవరిని పెట్టమంటావమ్మా? వచ్చిన కుర్రాళ్ళు నెల తిరక్కుండా పారిపోతున్నారు. నువ్వు ఎవరికీ చెప్పకు. నీకు తెలిసిన పద్ధతిలోనే చెయ్యి."

"నా పద్ధతే చెవి కదా సారూ."

"చెవి పని చేసే యంత్రం ఒకటుంది. గబ్బిలం కూతను మనకు వినబడేలా చేస్తుంది. పెద్దాఫీసులో బీరువాలో ఉంది."

"ఇప్పించండి మరి."

"తాళం ఉన్నాయన ట్రాన్స్‌ఫరైపోయాడు," అన్నాడు ఆఫీసరు. తమాషాకు అన్నాడేమోనని ఆవిడ ముఖం చూసింది. తమాషా కాదు.

*

ఆవిడ పని మానలేదు. అక్క కొడుకు మందులు కోడలి చేతికి చాటుగా వెళ్తున్నాయి, వాటికి జీతం కావాలి. అక్కకు తెలిసే ఉంటుంది. తెలియనట్టు ఊరుకుంటోంది. ఫోను మాత్రం చేయదు. ఈవిడ చేస్తే కోడలే ఎత్తి, "అత్తయ్య పడుకున్నారు" అంటుంది, పట్టపగలు కూడా.

ఇప్పుడు ఆవిడ ఏ ఇంటికెళ్ళినా నిచ్చెనెక్కుతుంది, చెవి ఆనిస్తుంది, దిగి ఒకే మాట చెబుతుంది. "పిల్లలున్నాయండీ. ఇంకో నెల ఆగాలి." నెల తర్వాత వెళ్ళినా అదే మాట. వేసవి దాటి, వానలు దాటి, చలి మొదలైనా అదే మాట. ఒక్క పిల్ల కూడా తన చేతుల మీదుగా చావకూడదని. తెలియనప్పుడు ఉన్నాయనుకోవడమే నయమని.

జనం ఊరుకుంటారా? మునుపు ఆవిడ నెలంటే నెల ఆగేవాళ్ళు, ఆ మాట నిలబడేది కాబట్టి. ఇప్పుడు ఆ మాటకు అంతు లేదని తెలిసిపోయింది. గబ్బిలాలమ్మను పిలిస్తే ఏడాదంతా గబ్బిలాలతో కాపురమేనని వీధివీధినా చెప్పుకుంటున్నారు. అందుకని పిలవడం మానేసి, తాపీ మేస్త్రీని పిలుచుకుంటున్నారు. మేస్త్రీకి చెవితో పని లేదు. కాస్త సిమెంటు కలిపి పట్టపగలే, తల్లీ పిల్లా అన్నీ లోపల ఉండగానే, కన్నం మెత్తి పోతున్నాడు.

మొన్న రెండో వీధిలో అలాంటి ఇల్లొకటి చూసింది. రెండు వారాల కిందట తను ఆగమని చెప్పిన ఇల్లే. కప్పు కింద కన్నం ఉన్న చోట అరచేతి వెడల్పున తడి ఆరని బూడిదరంగు మచ్చ. ఇంటాయన గుమ్మంలోనే కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆవిణ్ణి చూసి పేపరు దించలేదు.

"ఏం చేశారండీ ఇది?"

"గోడ బీటలిచ్చింది, మాటు వేయించాను."

"లోపల పిల్లలుండగా మూస్తే కేసవుతుందని చెప్పానా లేదా?"

ఆయన పేపరు పక్కన పెట్టాడు. కోపంగా కూడా లేడు. "పెట్టు కేసు. కానీ ఒక్క మాట చెప్పి పెట్టు. లోపల పిల్లలున్నాయని నువ్వు నీ చెవులతో విన్నావా?"

ఆయనకు తెలిసి అడిగాడో, తెలియక అడిగాడో. ఆఫీసులో అదే అడుగుతారు, కోర్టులోనూ అదే అడుగుతారు. ఉన్నాయో లేవో ఆవిడకే తెలియదు. గోడకేసి చూసింది. గోడ వెనక ఏం జరుగుతోందో ఆ ఇంట్లో పసిపిల్లలకు కూడా వినబడుతూ ఉండవచ్చు.

"చెప్పమ్మా, విన్నావా?"

"లేదు," అంది ఆవిడ.

ఆయన మళ్ళీ పేపరు ఎత్తుకున్నాడు. ఆవిడ నిచ్చెన ఒక భుజంనుంచి ఇంకో భుజానికి మార్చుకుని బస్టాపు వైపు నడిచింది.